ఎన్నడూ చూడని క్రిమిని ఒళ్ళు ఎలా పోల్చుకుంటుంది?

"మాస్టారూ, కోవిడ్ తెచ్చిన కరోనా 2019కి ముందు మనుషుల్లో లేదు కదండీ! మరి మన ఒంటికి దాన్ని పట్టుకోవడం ఎలా వచ్చింది?" రాజాం దగ్గర తొమ్మిదో తరగతి అమ్మాయి వేసిన ప్రశ్న ఇది. తెల్ల రక్తకణాలు సైనికులని రాయించి మార్కులు వేసేస్తున్నాం గానీ, ఆ సైనికుడికి శత్రువెవరో ఎలా తెలుస్తుందో చెప్పడం లేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

చాలా క్రిముల్లో ఉమ్మడిగా కనిపించే గుర్తుల్ని పుట్టుకతో వచ్చిన గ్రాహకాలు (గుర్తుపట్టే ప్రోటీన్లు) గంటల్లోనే పసిగడతాయి. నన్ను కట్టిపడేసేది రెండో ఏర్పాటు, బి కణాలది. క్రిమికి అంటుకునే యాంటీబాడీలనే ప్రోటీన్లని తయారుచేసే తెల్ల రక్తకణాలివి.

ప్రోటీన్లు తయారు చేయించే మన జన్యువులు సుమారు 20,000. తయారు కాగల యాంటీబాడీ రకాలేమో కోట్లకి కోట్లు. ఇదెలా కుదిరింది? పొందూరు మగ్గం దగ్గర నిలబడి ఆలోచించండి. 40 రకాల బాడీ, 23 రకాల అంచు, 6 రకాల కొంగు ఉంటే 5,520 రకాల చీరలు నేయొచ్చు. ఎముక మూలుగలో బి కణం చేసేదీ ఇదే. యాంటీబాడీలో పెద్దది, చిన్నది అని రెండు రకాల ప్రోటీన్ గొలుసులుంటాయి. పెద్ద గొలుసుకి వి అనే జన్యు ముక్కలు దాదాపు 40, డి ముక్కలు 23, జె ముక్కలు 6. రాగ్-1, రాగ్-2 అనే ప్రోటీన్లు డీఎన్ఏని కత్తిరించి, ఒక్కో రకంలో ఒక్కటి ఏరి అతికిస్తాయి. చిన్న గొలుసుకి ఇంకో 320 రకాలు. హెచ్చవేస్తే 17 లక్షలు దాటింది. పైగా అతుకు పడే చోట, చేతికందిన పోగులు నాలుగు కలిపేసినట్టు, మరో ఎంజైము డీఎన్ఏ అక్షరాలు కొన్ని ఇష్టమొచ్చినట్టు చేర్చేస్తుంది. కోట్లు అలా వచ్చాయి. ఒక్కో బి కణానిది ఒక్కటే డిజైను. కొనేవాడు రాకముందే అన్నీ నేసి ఉన్నాయి! మన సొంత కణాలకే అంటుకునే డిజైన్లు చాలావరకు మూలుగలోనే ఏరివేత అయిపోతాయి. తనకి సరిపోయే డిజైను క్రిమికి తగిలిందా, ఆర్డరు ఆ ఒక్క మగ్గానికే. ఆ కణం రెండై, నాలుగై, వేలవుతుంది. బి కణం తన డీఎన్ఏనే ఇలా మార్చి పేర్చుకుంటుందని 1976లో చూపించిన సుసుము టొనెగావాకి 1987లో నోబెల్ వచ్చింది.

కాల్లో ముల్లు విరిగి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది చూడండి. చింతపిక్కంత ఉంటుంది, తడిమితే కదులుతుంది, నొక్కితే నొప్పి. దిష్టి అంటారు, సున్నం రాస్తారు. అది లింఫ్ గ్రంథి, ఆ మగ్గాలు ఆడుతున్న చోటు. (నెల దాటినా తగ్గకపోతే, నొప్పి లేకుండా గట్టిగా పెరుగుతుంటే డాక్టరుకి చూపించండి.) అక్కడ విభజన జరుగుతున్నకొద్దీ యాంటీబాడీ జన్యువులో మార్పులు విపరీతంగా పడతాయి. క్రిమి మీద పట్టు పెరిగిన కణానికి టి కణాల (ఇంకో రకం తెల్ల రక్తకణాల) ఊతం దొరుకుతుంది, పట్టు తగ్గినది చచ్చిపోతుంది. డార్విన్ చెప్పిన ఎంపిక మన గజ్జల్లో, కొద్ది వారాల్లో జరిగిపోతోంది! జీవశాస్త్రంలో నాకింతకు మించిన ముచ్చట లేదు.

మొదటిసారి యాంటీబాడీలు తగినంత తయారవడానికి వారం పది రోజులు పడుతుంది. జ్వరం మనల్ని పడగొట్టేది ఆలోపే. నెగ్గిన కణాల్లో కొన్ని జ్ఞాపక కణాలుగా ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. అదే క్రిమి మళ్ళీ వస్తే అవి చాలా త్వరగా, ఇంకా గట్టి పట్టున్న యాంటీబాడీలతో ఎదురెళతాయి. రోగం రాకుండానే ఈ జ్ఞాపక కణాల్ని పుట్టించడమే టీకా పని.