పందికి ఏనుగు తూటా ఎందుకు?

అచ్చంపేట, దేవరకొండ వైపు పల్లి చేను వేసిన రైతుకు కాయ ఊరే రోజుల్లో కంటి మీద కునుకుండదు. అమ్రాబాద్ అడవి అంచు నుంచి పందుల గుంపు దిగిందంటే తెల్లారేసరికి సాళ్లన్నీ తవ్వేసి ఉంటాయి. చేను చుట్టూ పాత చీరలు కడతారు, మంచె మీద లైటు పట్టుకుని కూర్చుంటారు. "పెద్ద బోర్ రైఫిల్‌తో ఒక్కటేస్తే పీడ పోతుంది" అన్న మాట ఆ కడుపుమంటలోంచే వస్తుంది. రైతు కోపం న్యాయమైనదే. పెద్ద బోర్, అంటే గొట్టం రంధ్రం లావుగా ఉన్న రైఫిల్ తూటా మాత్రం ఈ పనికి పుట్టింది కాదు.

ఏనుగులాంటి పెద్ద జంతువుల వేటకు 1956లో వచ్చిన 458 వించెస్టర్ మాగ్నమ్ తూటానే చూడండి. తూటా మొత్తం అరచేతి వెడల్పంత పొడవుంటుంది. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల పొగరాని మందు, మూతిలో బిగించిన బుల్లెట్. ఆ బుల్లెట్ ఒక్కటే 32 గ్రాములు, లావు 11.6 మిల్లీమీటర్లు. సెకనుకు సుమారు 640 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. మామూలు వేట రైఫిల్ బుల్లెట్ ఇంతకన్నా వేగంగానే పోతుంది, కానీ బరువు 10, 12 గ్రాములే.

ఇంత బరువు ఎందుకంటే ఏనుగు తల కోసం. దాని పుర్రెలో మెదడుకు ముందు గాలి గదులతో నిండిన మందపాటి ఎముక ఉంటుంది. తేలికపాటి బుల్లెట్ అందులో వంకర తిరిగిపోతుంది, లేదా మధ్యలోనే ఆగిపోతుంది. బరువైన, ముక్కు గట్టి బుల్లెట్ దారి తప్పకుండా లోతుగా దిగుతుంది. మీదికి దూకే జంతువును దగ్గర నుంచి ఆపడమే పెద్ద బోర్ అసలు పని. దూరానికి అది పనికిరాదు. 100 మీటర్లకు గురి సరిచేసిన ఈ రైఫిల్‌తో 200 మీటర్లకు కాలిస్తే బుల్లెట్ అడుగు మేర కిందికి పోతుంది.

పెద్ద తూటా తగిలితే జంతువు ఎగిరి పడుతుందనేది సినిమా మాట. లెక్క వేసి చూద్దాం. 32 గ్రాముల బుల్లెట్ 640 మీటర్ల వేగంతో వచ్చి 100 కిలోల పందిలో ఆగిపోయినా, ఆ పంది కదిలే వేగం సెకనుకు 20 సెంటీమీటర్లే. మనిషి నడకలో ఆరో వంతు కూడా ఉండదు. జంతువును పడగొట్టేది బుల్లెట్ తోపుడు కాదు. గుండె, ఊపిరితిత్తులు చిరిగి రక్తం పోవడం, లేదా మెదడు, వెన్నుపాము దెబ్బతినడం. తోపుడు బాధ నిజంగా పడేది కాల్చినవాడి భుజమే. నాలుగున్నర కిలోల రైఫిల్ సెకనుకు ఐదు మీటర్లకు పైగా వేగంతో వెనక్కి తన్నుతుంది. ఆ దెబ్బకు జడిసి ట్రిగ్గర్ దగ్గర కళ్లు మూసుకుంటే గురి తప్పుతుంది, గాయపడ్డ పంది పొదల్లోకి పోతుంది. గాయపడ్డ పందిని మించిన ప్రమాదం ఆ రాత్రి ఇంకోటి ఉండదు.

బోర్ సంఖ్య అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. ఆ సంఖ్యల్లో మన దేశ చరిత్ర కూడా దాగి ఉంది. 450 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే పెద్ద బోర్ తూటా 1898లో వచ్చింది. అదే కొలత బుల్లెట్లు సైన్యపు మార్టినీ హెన్రీ తుపాకుల్లోనూ పడతాయని, తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతాయని బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో ఆ బోర్‌ను నిషేధించింది. దాంతో ఇంగ్లండ్ తయారీదారులు 465, 470, 475 అంటూ కొత్త కొలతలు తెచ్చారు. లైసెన్సుదారుల దగ్గర కనిపించే 315 బోర్ కథా ఇలాంటిదే. అప్పటి సైన్యం వాడిన 303 బోర్‌ను పౌరులకు ఇవ్వకూడదని ఎంచుకున్న కొలత అది.

ఆ 315, అంటే 8 మిల్లీమీటర్ల బుల్లెట్, పందికి చాలు. మగపంది భుజం మీద మందంగా గట్టి పొర ఉన్నా సరే. ముక్కు మెత్తగా ఉన్న సీసం బుల్లెట్ లోపలికి వెళ్లాక వెడల్పై తన శక్తినంతా పంది ఒంట్లోనే వదులుతుంది. ఏనుగు కోసం చేసిన గట్టి బుల్లెట్ అలా విచ్చుకోదు. పందిలోంచి దూసుకెళ్లి అవతల ఏముంటే దాన్ని తాకుతుంది. మన దగ్గర అవతల ఉండేది పక్క చేను మంచె మీది మనిషో, పశువుల కొట్టమో, లేదంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ నేలంతా పరుచుకున్న బండలో. బండకు తగిలిన గట్టి బుల్లెట్ ఎటు ఎగిరిపోతుందో ఎవరూ చెప్పలేరు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. పంటకు, ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు 11వ సెక్షన్ కింద అధికారికంగా అనుమతి ఇస్తేనే కాల్చాలి. అనుమతి దొరికిన చోట కూడా బోర్ కన్నా ముందు చూడాల్సింది కాల్చే కోణం. మంచె మీద నుంచి కిందికి, 30, 40 మీటర్ల లోపు కాలిస్తే, తప్పిన బుల్లెట్ దున్నిన మట్టిలో దిగబడే అవకాశం ఎక్కువ. నేల మీద నిలబడి అడ్డంగా కాలిస్తే ఆ హామీ లేదు. గాల్లోకి ఎత్తి వదిలిన రైఫిల్ బుల్లెట్ రెండు మూడు కిలోమీటర్లు దాటి పోగలదు. అంత దూరంలో మన వైపు ఏదో ఒక తండా ఉండే ఉంటుంది.