పట్టికలో మొదటి స్థానం, చేతికందని కప్పు: ఇంగ్లండ్ రగ్బీ ఫైనల్ వెనుక కథ

2002 జూన్‌లో గ్లోస్టర్ రగ్బీ క్లబ్బు ఆటగాళ్లు లండన్‌లోని ట్వికెన్‌హామ్ మైదానంలో బ్రిస్టల్‌ను 28-23 తేడాతో ఓడించి కప్పు ఎత్తుకున్నారు. కానీ ఇంగ్లండ్ విజేతలన్న పేరు వాళ్లకు రాలేదు. లీగ్ పట్టికలో అగ్రస్థానంలో నిలిచిన లెస్టర్‌కు ఆ పేరు అప్పటికే దక్కింది. ప్లేఆఫ్ అన్నది సీజన్ చివర అదనంగా ఆడించిన పోటీ మాత్రమే. మరుసటి ఏడాది గ్లోస్టర్ 82 పాయింట్లతో పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. రెండో స్థానంలో ఉన్న వాస్ప్స్‌కు వచ్చినవి 67. అయితే ఆ ఏడాదే నిబంధన మారింది. ఇక ఫైనల్ గెలిచినవాళ్లే విజేతలు. ఆ ఫైనల్లో వాస్ప్స్ 39-3 తేడాతో గ్లోస్టర్‌ను చిత్తు చేసింది.

ఫైనల్‌కు విలువ లేని ఏడాది ఫైనల్ గెలిచి, పట్టికకు విలువ పోయిన ఏడాది పట్టికలో గెలిచిన జట్టు అది. ఇంగ్లండ్ క్లబ్బుల అగ్ర లీగ్ అయిన ప్రీమియర్‌షిప్ రగ్బీలో ఏటా ఫైనల్ దగ్గరపడగానే అగ్రస్థానంలో ఉన్న జట్టు అభిమానులు ఎందుకు ఆందోళన పడతారో తెలుసుకోవాలంటే ఆ రెండేళ్ల నుంచే మొదలుపెట్టాలి.

ఇంగ్లండ్‌లో రగ్బీ యూనియన్ జాతీయ లీగ్ 1987లో మొదలైంది. అంతకుముందు క్లబ్బులు తమలో తాము స్నేహపూర్వక మ్యాచ్‌లు, ఒక నాకౌట్ కప్పు ఆడుకునేవి. ఆటగాళ్లకు జీతాలు లేవు. 1995 ఆగస్టులో అంతర్జాతీయ రగ్బీ బోర్డు ఆటను వృత్తిగా గుర్తించింది. దాంతో క్లబ్బులకు జీతాల భారం వచ్చిపడింది. జీతాలివ్వాలంటే టికెట్లు అమ్ముడుపోవాలి, టీవీ డబ్బు రావాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే లెస్టర్ 1999 నుంచి 2002 వరకు వరుసగా నాలుగుసార్లు లీగ్ గెలిచింది. అంత దూరం ముందున్న జట్టును మిగతావాళ్లు అందుకోలేకపోతే ఏప్రిల్, మే నెలల్లో ఆటకు పెద్దగా ప్రాణం ఉండదు. అందుకే క్లబ్బుల చూపు ఫైనల్ మీద పడింది.

నమూనాలు దగ్గరలోనే ఉన్నాయి. ఇంగ్లండ్‌లోనే మరో రకం రగ్బీ అయిన రగ్బీ లీగ్, 1998 నుంచి గ్రాండ్ ఫైనల్‌తో విజేతను తేలుస్తోంది. ఫ్రాన్స్‌లో ఈ సంప్రదాయం ఇంకా పాతది. అక్కడ 1892లో జరిగిన మొదటి ఛాంపియన్‌షిప్ ఫైనల్‌కు రిఫరీ పియర్ డి కూబెర్టిన్, ఆధునిక ఒలింపిక్స్‌కు ఆద్యుడు. ఆనాడు గెలిచిన జట్టుకు ఇచ్చిన బ్రెన్నస్ డాలు కోసమే ఫ్రెంచి జట్లు నేటికీ పోటీపడుతున్నాయి. ఫ్రెంచివాళ్లకు ఫైనల్ లేని విజేత అన్న ఊహే కొత్త. ఇంగ్లండ్‌లో మాత్రం ఫైనల్ మధ్యలో వచ్చి చేరింది. అందుకే గాయం అయింది.

2003 నాటి పద్ధతిని కాస్త దగ్గరగా చూడాలి. పట్టికలో మొదటి జట్టు నేరుగా ఫైనల్‌కు వెళ్తుంది. రెండు, మూడు స్థానాల జట్లు సెమీఫైనల్ ఆడతాయి. వినడానికి ఇది అగ్రస్థానానికి ఇచ్చిన బహుమతిలా ఉంటుంది. జరిగింది వేరు. లీగ్ చివరి మ్యాచ్ తర్వాత గ్లోస్టర్ మూడు వారాలు ఖాళీగా కూర్చుంది. ఆ మూడు వారాల్లో వాస్ప్స్ సెమీఫైనల్లో నార్తాంప్టన్‌ను ఓడించింది. ఫైనల్‌కు ఆరు రోజుల ముందు బాత్‌పై 48-30 తేడాతో నెగ్గి యూరప్ ఛాలెంజ్ కప్పు కూడా గెలుచుకుంది. రగ్బీలో ఒంటికి దెబ్బలు తగులుతూ ఉంటేనే వేగం, ధైర్యం, అంచనా పదునుగా ఉంటాయి. మే 31న ట్వికెన్‌హామ్‌లో లారెన్స్ డలాలియో నాయకత్వంలోని వాస్ప్స్ పరుగెత్తిన తీరు చూస్తే, అలసిపోయి రావలసిన జట్టు ఏదో, సేదతీరి వచ్చిన జట్టు ఏదో పోల్చుకోవడం కష్టం. వాస్ప్స్ ఆటగాడు జాష్ లూసీ రెండు ట్రైలు (బంతిని ఎదుటి జట్టు గీత అవతల నేలకు తాకించి సాధించే స్కోరు) చేశాడు. 22 మ్యాచ్‌ల శ్రమ 80 నిమిషాల్లో కరిగిపోయింది.

2004లో అగ్రస్థానం బాత్‌ది, 2005లో లెస్టర్‌ది. రెండుసార్లూ నేరుగా ఫైనల్‌కు వెళ్లి రెండూ ఓడాయి. రెండుసార్లూ గెలిచింది వాస్ప్సే. విశ్రాంతి వరం కాదని మూడేళ్లలో రుజువైంది. 2005-06 నుంచి పద్ధతి మార్చారు. నాలుగు జట్లకు సెమీఫైనల్స్, మొదటి రెండు జట్లకు సొంత మైదానం. ఆ ఏడాది సేల్ అగ్రస్థానంలో నిలిచి ఫైనల్ కూడా గెలిచింది.

గ్లోస్టర్ రాత మాత్రం మారలేదు. 2007లో మళ్లీ మొదటి స్థానం, ఫైనల్లో లెస్టర్ చేతిలో 44-16 తేడాతో ఓటమి. 2008లో ఇంకోసారి మొదటి స్థానం. ఈసారి సెమీఫైనల్ వాళ్ల సొంత మైదానం కింగ్స్‌హోమ్‌లోనే. అక్కడ ఒక పక్క అభిమానులు నిలబడి చూసే, షెడ్ అని పిలుచుకునే స్టాండ్ ఉంది. అక్కడి హోరు వింటే ఎదుటి జట్టుకు గుండె జారుతుందంటారు. నాలుగో స్థానంలో నిలిచిన లెస్టర్ ఆ హోరు మధ్యే చివరి నిమిషాల్లో ఆండీ గూడ్ కొట్టిన డ్రాప్ గోల్‌తో (బంతిని చేతిలోంచి నేలమీదికి వదిలి, అది లేవగానే గోల్ స్తంభాల మధ్యకు తన్నడం) 26-25 తేడాతో బయటపడింది. ఒక్క పాయింటు.

నాలుగో స్థానం నుంచి పైకి రావడం మనకు కొత్త కాదు. 2009 ఐపీఎల్‌లో హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ నాలుగో స్థానంలో నిలిచి, సెమీఫైనల్లో అగ్రస్థానంలోని ఢిల్లీని ఓడించి, కప్పు గెలిచింది. ఆ రాత్రి మనమెవరమూ పట్టిక గురించి బాధపడలేదు. అయితే ఐపీఎల్ 2011 నుంచి మొదటి రెండు జట్లకు, ఒకసారి ఓడినా రెండో అవకాశం ఉండేలా ప్లేఆఫ్‌ను మార్చింది. ఇంగ్లండ్ రగ్బీ ఆ దయ చూపలేదు. 2015లో సారసెన్స్, 2021లో హార్లెక్విన్స్ నాలుగో స్థానం నుంచి వచ్చి విజేతలయ్యాయి. 2021లో అగ్రస్థానంలో ఉన్న బ్రిస్టల్ సెమీఫైనల్లో 28-0 ఆధిక్యం సాధించి కూడా అదనపు సమయంలో 43-36 తేడాతో హార్లెక్విన్స్‌కు తలవంచింది.

అయినా ఫైనల్ ఉండాలనే నేను నమ్ముతాను. పట్టిక కూడా మనం అనుకున్నంత నిక్కచ్చి కొలమానం కాదు. లీగ్ సాగుతుండగానే జాతీయ జట్టు శిబిరాలకు, మ్యాచ్‌లకు క్లబ్బుల మేటి ఆటగాళ్లు వెళ్లిపోతారు. ఎక్కువమందిని దేశానికి పంపిన క్లబ్బే ఆ వారాల్లో ఎక్కువ నష్టపోతుంది. ఫైనల్ రోజు మాత్రం రెండు జట్లూ తమ మేటి ఆటగాళ్లను దించగలుగుతాయి. 2022 నుంచి 2025 వరకు లెస్టర్, సారసెన్స్, నార్తాంప్టన్, బాత్ వరుసగా పట్టికలోనూ ఫైనల్లోనూ గెలిచాయి. బాత్‌కు 1996 తర్వాత లీగ్ కిరీటం దక్కడం అదే మొదటిసారి.

ఫైనల్ పద్ధతిలో వాస్ప్స్ గెలిచిన నాలుగు కిరీటాలూ రెండో స్థానం నుంచి గెలిచినవే. ఈ పద్ధతి వచ్చాక వాళ్లు 2017లో అగ్రస్థానంలో నిలిచారు, అప్పుడు ఫైనల్లో ఎక్సెటర్ చేతిలో అదనపు సమయంలో 23-20 తేడాతో ఓడారు. 2022 అక్టోబరులో అప్పుల భారంతో ఆ క్లబ్బు దివాలా తీసి లీగ్ నుంచి వెళ్లిపోయింది. గ్లోస్టర్ మాత్రం నేటికీ కింగ్స్‌హోమ్‌లో ఆడుతోంది, వాళ్లు విజేతలైన లీగ్ సీజన్ ఇంకా ఒక్కటీ లేదు.