ఎర్రగా ఉన్నదల్లా రక్తం కాదండీ

గోదావరి లంక నుంచి పంటు పడవలో దాటి వచ్చారు, అత్తగారూ ఏడో నెల కోడలూ. హిమోగ్లోబిన్ 8 మాత్రమే ఉందని డాక్టరు గారు నా దగ్గరికి పంపారు. "రోజూ గ్లాసుడు బీట్‌రూట్ రసం తాగిస్తున్నానండి, ఇంకా రక్తం పట్టలేదేంటండీ?" అని అత్తగారి నిలదీత.

అమలాపురంలో డైటీషియన్‌గా నేను వారానికి నాలుగుసార్లైనా వినే మాట ఇది.

బీట్‌రూట్ ఎరుపు బీటాలైన్లనే రంగు పదార్థాలది. దానిమ్మ ఎరుపు ఆంథోసయనిన్లది, అంటే నేరేడు పండుకీ వంకాయ తొక్కకీ రంగిచ్చే జాతిది. ఈ రంగుల్లో ఇనుము పిసరంతైనా లేదు. రక్తానికి ఎరుపు హిమోగ్లోబిన్‌లోని హీమ్ అనే భాగం నుంచి వస్తుంది, ఇనుము ఉండేది దాని నడిమధ్యన. 100 గ్రాముల బీట్‌రూట్ మొత్తం తిన్నా ఇనుము ఒక మిల్లీగ్రాముకు అటూ ఇటూనే. గర్భిణికి రోజుకు కావాల్సింది 27. పీహెచ్‌సీలో ఉచితంగా ఇచ్చే ఎర్ర బిళ్లలో 60 ఉంటుంది. (ఆ బిళ్ల ఎరుపు కూడా పైపూతే, అది చూసి మురిసిపోకండి!)

మరి బిళ్లలేవమ్మా అని కోడలిని అడిగితే, బియ్యం డబ్బాలో ఉన్నాయట. విరేచనం నల్లగా అవుతోందని భయపడి మానేసింది. పైగా మొన్న మూత్రం ఎర్రగా వచ్చిందని, బిడ్డకేమైనా అయిందేమోనని రాత్రంతా ఏడ్చిందట. తిట్టబుద్ధి కాలేదు. ఐరన్ వేసుకుంటే నల్లగానే అవుతుందని ఆ పిల్లకి ముందే ఎవరూ చెప్పలేదు. బీట్‌రూట్ రంగు కొందరికి మూత్రంలో దిగుతుంది, ఇనుము తక్కువున్నవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. బీట్‌రూట్ తినకుండా ఎర్రగా వస్తే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

బిళ్లని టీతోనూ, కాల్షియం మాత్రతోనూ కలిపి వేసుకోవద్దు. నిమ్మరసంతో అయితే బాగా ఒంటపడుతుంది. 8కి మోతాదు ఎంతన్నది డాక్టరు తేల్చాలి.

రంగుల మీద తిరిగే మిగతా అపోహలు, భయాలు గబగబా చెప్పేస్తాను. సున్నం తగిలి పసుపు ఎర్రబడితే కల్తీ అని ఒక వాట్సాప్ వీడియో తిరుగుతోంది. మా నాయనమ్మ దిష్టి నీళ్లు ఎలా కలిపేదనుకున్నారు? పసుపుకి రంగిచ్చే కర్క్యుమిన్‌కి సున్నం లాంటి క్షారం తగిలితే ఎరుపే. అసలు కల్తీ ల్యాబ్‌లో తేలాలి. పుచ్చకాయకి రంగు ఇంజెక్షన్ అన్నది ఇంకో పుకారు. ఆ ఎరుపు లైకోపీన్, టమాటాలో ఉండేదే. సూది గుచ్చిన కాయ కుళ్లిపోతుంది తప్ప బండి మీద నిలవదు. క్యారెట్ గుజ్జు బాగా తిన్న పసివాడి అరచేతులు పసుపుపచ్చగా మారితే కళ్లు చూడండి. తెల్లగుడ్డు తెల్లగానే ఉంటే అది క్యారెట్ రంగైన కెరోటిన్ పని. అదీ పచ్చబడితే పసరు మందుకి కాదు, పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

వెళ్తూ వెళ్తూ అత్తగారు అడిగారు, "మొన్నే రెండు కిలోల బీట్‌రూట్ కొన్నానండి, ఏం చెయ్యమంటారు?"

"పారేయడమెందుకండీ, వేపుడు చేసుకోండి. ఫోలేట్ అనే విటమిన్ ఉంటుంది, మంచిదే. మీ కళ్ల కింద కూడా తెల్లగా పాలిపోయి ఉంది, పంటు ఎక్కేలోపు మీరూ రక్తపరీక్ష చేయించుకోండి" అన్నాను.