పెద్ద సంఖ్యలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో గణిత ఒలింపియాడ్‌కు సిద్ధమయ్యే పిల్లలకు నేను సంఖ్యా సిద్ధాంతం (నంబర్ థియరీ) బోధిస్తున్నాను. కొత్తగా చేరే పిల్లల్లోనూ, వారి తల్లిదండ్రుల్లోనూ నాకు తరచుగా ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: సంఖ్య పెద్దదయ్యేకొద్దీ దాని కారణాంకాలు కూడా పెరుగుతాయి.

వాస్తవం: వంద కోట్లకు, అంటే 1000000000కు, సరిగ్గా 100 కారణాంకాలు ఉన్నాయి. ఆ వెంటనే వచ్చే 1000000001ని 7 × 11 × 13 × 19 × 52579గా విడగొట్టవచ్చు కనుక దానికి ఉన్నవి 32 మాత్రమే. ఇంకో ఆరు కలిపితే వచ్చే 1000000007 ప్రధాన సంఖ్య. ప్రోగ్రామింగ్ పోటీల్లో పాల్గొన్న మాదాపూర్ ఇంజినీర్లకు ఈ సంఖ్య చిరపరిచితమే.

అపోహ: అంకెల మొత్తం 9 అయ్యే సంఖ్యకు ఏదో విశేష గుణం ఉంటుంది.

వాస్తవం: ఖైరతాబాద్ రవాణా కార్యాలయం వేలంలో 9999 వంటి నంబర్లు లక్షలు పలకడం మనకు తెలిసిందే. గణితం చెప్పేది మాత్రం ఒక్కటే: అంకెలను కూడుతూ పోతే చివరకు 9 మిగిలే సంఖ్య 9తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. పదిని 9తో భాగిస్తే శేషం 1 కావడమే దానికి కారణం. అటువంటి సంఖ్య ప్రతి తొమ్మిదింటిలో ఒకటి ఉంటుంది.

అపోహ: ఒక సంఖ్యను సంయుక్త సంఖ్య అనాలంటే దాని కారణాంకాన్ని చూపి తీరాలి.

వాస్తవం: నేను ఎక్కువ సమయం వెచ్చించేది ఈ అపోహ మీదనే. ఫెర్మా సూత్రం ప్రకారం 2 తప్ప మరే ప్రధాన సంఖ్యనైనా తీసుకొని, దానికంటే ఒకటి తక్కువైన ఘాతానికి 2ను పెంచి, ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం 1 రావాలి. 91ని పరీక్షిద్దాం. 2¹², అంటే 4096ను 91తో భాగిస్తే శేషం 1; కాబట్టి 2⁸⁴కూ శేషం 1 వస్తుంది, 2⁹⁰కు 2⁶, అంటే 64 మిగులుతుంది. శేషం 1 కాలేదు కనుక 91 ప్రధాన సంఖ్య కాదని తేలింది, 7 గానీ 13 గానీ మన లెక్కలోకి రానే లేదు.

1876లో ఫ్రెంచ్ గణితవేత్త లూకాస్ ఇంతకంటే పదునైన పరీక్షతో 2⁶⁷ − 1, అంటే 147573952589676412927, సంయుక్త సంఖ్య అని నిరూపించాడు. దాని కారణాంకాలు 193707721, 761838257287 అని అమెరికన్ గణితవేత్త కోల్ ప్రకటించింది 1903లో. ఉందని తెలిసిన కారణాంకం చేతికి రావడానికి 27 ఏళ్లు పట్టింది.

అపోహ: శేషం 1 వస్తే అది ప్రధాన సంఖ్యే.

వాస్తవం: కాదు. 341 ఈ పరీక్షలో నెగ్గుతుంది, కానీ అది 11 × 31. ఎంత పెద్ద సంఖ్యనైనా పొరపాటుకు తావులేకుండా, అంకెల సంఖ్యతో పోలిస్తే సహేతుకమైన కాలంలో తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనుగొన్నారు. అయితే ఆ పద్ధతి కూడా కారణాంకాలను చెప్పదు. రహస్య సందేశాల భద్రతకు వాడే 617 అంకెల ఆర్‌ఎస్‌ఏ సంఖ్య (రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం) సంయుక్తమని మామూలు కంప్యూటర్ క్షణంలో చెప్పగలదు, కానీ దాన్ని వేగంగా విడగొట్టే మార్గం నేటి కంప్యూటర్లకు ఇంతవరకు దొరకలేదు.