పరాయి దేశపు పల్లెలో వాలంటీరు తొలి నెలలు: అపోహలు - వాస్తవాలు

విదేశీ గ్రామాల్లో రెండేళ్లు ఉండి పనిచేయడానికి వెళ్లే వాలంటీర్లకు శిక్షణ ఇవ్వడం నా వృత్తి. అంతకుముందు నేనూ అలా వెళ్లివచ్చాను. బయలుదేరే ముందు వాళ్లతో మాట్లాడితే రకరకాల అపోహలు బయటపడతాయి కానీ, తవ్విచూస్తే వాటిలో చాలావాటికి వేరు ఒకటే: ‘నేను ఇవ్వడానికి వెళ్తున్నాను’ అన్న నమ్మకం. తొలి నెలల్లో మీరు ఇవ్వగలిగేది చాలా తక్కువ. పుచ్చుకోవడం నేర్చుకున్నవాళ్లే అక్కడ కుదురుకుంటారు.

అపోహ: వెళ్లిన వారంలోనే ఏదో ఒక పని చేసి చూపించాలి. లేకపోతే ఊరివాళ్లు నమ్మరు.

వాస్తవం: నేనూ ఇలాగే అనుకున్నాను. నేను వెళ్లేసరికి ఊళ్లో చేతిపంపు పాడై ఉంది. అది అఫ్రిదేవ్ రకం పంపు. గ్రామస్థులు ఒక్క స్పానరుతో తామే బాగుచేసుకునేలా 1980ల్లో రూపొందించినది. ఎంత కొట్టినా గాలి తప్ప నీళ్లు రావడం లేదు. పట్నం నుంచి కొత్త రబ్బరు సీలు తెప్పించి, ఇద్దరు కుర్రాళ్ల సాయంతో కడ్డీలు పైకి తీసి, వాటి కింద నీళ్లను పైకి లాగే ప్లంజరుకున్న పాత సీలు తొలగించి కొత్తది బిగించాను. గంటలో నీళ్లు వచ్చాయి. ఎవరూ పెద్దగా సంతోషించలేదు. ఎందుకో నాకు మూడు వారాల తర్వాత గాని తెలియలేదు. పంపు సంఘం ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేస్తోందట. ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు వాడల వాళ్లు చాలాకాలం తర్వాత ఆ చందా కోసమే ఒకచోట కూర్చున్నారట. నేను సీలు మార్చడంతో చందా ఆగిపోయింది, ఆ కూర్చోవడమూ ఆగిపోయింది. తర్వాత పంపు మొరాయించినప్పుడు జనం సంఘం దగ్గరికి వెళ్లలేదు, నా గుమ్మం ముందుకు వచ్చారు.

వాలంటీర్లను విదేశాలకు పంపడానికి 1961లో మొదలైన అమెరికా ప్రభుత్వ సంస్థ పీస్ కోర్ తన 27 నెలల సేవలో దాదాపు మొదటి మూడు నెలలు శిక్షణకే ఇస్తుంది. ఆ శిక్షణ రోజుల్లో వాలంటీర్లు సాధారణంగా స్థానిక కుటుంబాల ఇళ్లలోనే ఉంటారు. ఆ మూడు నెలలు వృథా అనుకునేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. చూడటం, వినడం, అడగడం కూడా పనే. గ్రామీణాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ వంటివారు ప్రచారంలోకి తెచ్చిన, ఊరివాళ్లే తమ ఊరి సంగతులు తేల్చే భాగస్వామ్య పద్ధతుల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. ఊరి పటాన్ని ఊరివాళ్ల చేతనే నేలమీద పుల్లలతో, రాళ్లతో గీయించడం. ఆడవాళ్ల చేత ఒకసారి, మగవాళ్ల చేత ఒకసారి విడివిడిగా గీయించండి. అవి రెండు వేరువేరు ఊళ్లా అనిపిస్తాయి. ఏ దారిన పోవడానికి ఎవరు భయపడతారో, ఏ నీళ్లు ఎవరివో అక్కడే తెలుస్తుంది.

అపోహ: ఆ దేశపు అధికార భాష వస్తే చాలు.

వాస్తవం: బడిలో, కార్యాలయంలో సరిపోతుంది. పొయ్యి దగ్గర, పొలం గట్టు మీద, జబ్బుచేసిన పిల్ల పక్కన మాట్లాడే భాష చాలాచోట్ల వేరు. ముందు పలకరింపులు, చుట్టరికపు పిలుపులు నేర్చుకోండి. వ్యాకరణం తర్వాత.

అపోహ: ఎవరికీ భారం కాకూడదు. ఎవరేం చేసిపెట్టినా వద్దనాలి, కాదంటే వెంటనే డబ్బు ఇచ్చేయాలి.

వాస్తవం: మంచి మనసున్న వాలంటీర్లే ఈ పొరపాటు ఎక్కువగా చేస్తారు. ఒకసారి నా చెప్పు పట్టీ తెగింది. పక్కింటి ముసలమ్మ అది చూసి, ఏమీ అనకుండా నా చేతిలోంచి చెప్పు లాక్కుంది. దారానికి మైనం పట్టించి, కంటికి దగ్గరగా పెట్టుకుని ఎనిమిదో తొమ్మిదో కుట్లు వేసింది. పళ్లతో దారం తెంపి చెప్పు నా ముందు పెట్టింది. నేను డబ్బు తీశాను. ఆమె ముఖంలో వెలుగు పోయింది. నాకు భాష నేర్పుతున్న మాస్టారు ఆ సాయంత్రం నాతో అన్న మాట ఇప్పటికీ మరవలేదు: “బాకీ అక్కడికక్కడే తీర్చేస్తే ఆమె మళ్లీ మీ ఇంటికి ఏ వంకతో వస్తుంది?” మర్నాడు ఆమె నీళ్ల బిందె నేను మోశాను. మళ్లీ ఆమె నా దోమతెర చిరుగు కుట్టింది. ఆ లెక్క రెండేళ్లూ తెగలేదు, తెగాలని ఇద్దరం కోరుకోలేదు.

అందరికీ వస్తువులు పంచిపెట్టడం దీనికి తలకిందులైన తప్పు. ఇచ్చే చెయ్యి ఎప్పుడూ మీదే అయితే ఎదుటివాళ్లకు మిగిలేది అడగడమే.

అపోహ: మూడో నెలలో ఏడుపు వస్తోందంటే నేను ఈ పనికి పనికిరాను.

వాస్తవం: కాదు. కలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1954లో ఒక ప్రసంగంలో ఈ స్థితిని దశలవారీగా వర్ణించాడు: మొదట ముచ్చట, తర్వాత చిరాకు, మెల్లగా తేరుకోవడం, చివరికి అలవాటు పడటం. అందరికీ ఇదే వరుసలో జరగదని తర్వాతి పరిశోధనలు చూపాయి. కొందరికి మొదటి రోజే దిగులు, కొందరికి ఏడాది తర్వాత. ఆ దిగులులో ఉండగా తిరిగి వెళ్లిపోవాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం తీసుకోకండి. నిద్ర చూసుకోండి, వారంలో ఒక రోజు తోటి వాలంటీరుతో మీ భాషలో తనివితీరా మాట్లాడండి. వారాల తరబడి తగ్గకపోతే వైద్య సిబ్బందికి చెప్పండి. దాచడం ధైర్యం కాదు.

అపోహ: కొన్ని నెలలకు ఒళ్లు అలవాటు పడుతుంది, ఇక మలేరియా మాత్రలు అక్కర్లేదు.

వాస్తవం: ఇది ప్రాణం మీదికి తెస్తుంది. అక్కడివాళ్లకు ఉండే పాక్షిక రక్షణ ఏళ్ల తరబడి పదేపదే జబ్బుపడి సంపాదించుకున్నది. అది మీకు నెలల్లో రాదు. మీకు రాసిచ్చింది డాక్సీసైక్లిన్ అయితే రోజూ వేసుకోవాలి, మలేరియా ప్రాంతం విడిచాక కూడా నాలుగు వారాలు కొనసాగించాలి. జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష.

అపోహ: వాళ్లలాగే బతికితే వాళ్లలో ఒకరమైపోతాం.

వాస్తవం: మీ దగ్గర తిరుగు టికెట్టు ఉంది, ఆరోగ్య బీమా ఉంది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. లేనట్టు నటించకండి. ఎప్పుడు వెళ్లిపోతారో మొదటి నెల నుంచే చెబుతూ ఉండండి. మీరు లేని రోజు కోసం వాళ్లు ఏర్పాటు చేసుకోగలగాలి. నేను తిరిగి రావడానికి కొన్ని వారాల ముందు ఆ పంపు మళ్లీ పాడైంది. ఈసారి నేను నా గుమ్మం దాటలేదు. సంఘం చందా వేసుకుంది, రెండు వాడలూ వచ్చాయి, కడ్డీలు వాళ్లే తీశారు. మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చి పిలిచింది. వెళ్తే, స్పానరు నా చేతిలో పెట్టి, తను సీలు ఎక్కించే వరకూ పట్టుకుని నిలబడమంది.