విస్కీకి మూడేళ్ల లెక్క ఎవరు పెట్టారు?

భారత్, బ్రిటన్ 2025 జులై 24న వాణిజ్య ఒప్పందంపై సంతకాలు చేశాక పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఒప్పందం ప్రకారం స్కాచ్‌పై 150 శాతం సుంకం మొదట 75కు, పదేళ్లలో 40కి దిగాలి. మరి మన విస్కీలో చాలావరకు అక్కడి షాపుల్లోకి ఎందుకు వెళ్లదని ఇక్కడి కంపెనీల ప్రశ్న. అడ్డుపడుతున్నది సుంకం కాదు, నిర్వచనం. ధాన్యంతో చేసి, కనీసం మూడేళ్లు చెక్క పీపాలో నిల్వ ఉంచితేనే అక్కడ అది విస్కీ.

ఆ మూడేళ్లు రుచి చూసి పెట్టినవి కావు. 1906లో లండన్‌లోని ఇస్లింగ్టన్ కేసులో కోర్టు, గ్రెయిన్ స్పిరిట్ (మాల్ట్, అంటే మొలకెత్తించిన బార్లీతో కాకుండా ఎక్కువగా వేరే ధాన్యాలతో తీసిన సారా) కలిపిన సరుకును విస్కీ పేరుతో అమ్మడం నేరమంది. ఇవాళ్టి బ్లెండెడ్ స్కాచ్‌లో పెద్ద వాటా ఆ గ్రెయిన్‌దే! 1909లో రాయల్ కమిషన్ (ప్రభుత్వ విచారణ సంఘం) దాన్నీ విస్కీ గొడుగు కిందికి తెచ్చింది. కనీస వయసు నియమం మాత్రం పెట్టలేదు.

కథ మారింది 1915లో. మొదటి ప్రపంచ యుద్ధ సమయం. ఆయుధాల కర్మాగారాల్లో పని తాగుడు వల్లే దెబ్బతింటోందని మంత్రి లాయిడ్ జార్జ్ మండిపడ్డారు. మద్యం మీద గట్టి దెబ్బే పడుతుందని వ్యాపారులకు టెన్షన్ పట్టుకుంది. అప్పుడు జానీ వాకర్ కంపెనీకి చెందిన జేమ్స్ స్టీవెన్‌సన్ మధ్యేమార్గం చూపించారు: ఘాటైన పచ్చి సారాను మార్కెట్లోకి రానివ్వకుండా, మూడేళ్లు గోదాములో ఆపడం. పార్లమెంటు దాన్నే చట్టం చేసింది. పాత నిల్వలున్న పెద్ద కంపెనీలకు నొప్పి తెలియలేదు. లేనివాళ్లు ఇరుక్కుపోయారు.

ఇప్పుడు మనవాళ్ల వాదన ఎండ చుట్టూ తిరుగుతోంది. స్కాట్లండ్ పీపాలో ఏడాదికి 2 శాతం వరకు ఆవిరైపోతే, బెంగళూరులో అది 10 శాతం పైమాటే. సరుకు చెక్క రంగూ రుచీ పీల్చుకోవడం కూడా ఇక్కడ వేగమే. నియమం ఉన్నా, బెంగళూరు కంపెనీ అమృత్ సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో చేసిన మాల్ట్ విస్కీ) 2004లో గ్లాస్గోలోనే మార్కెట్లోకి వచ్చింది. కానీ అదే మూడేళ్లు ఇక్కడా ఉంచాలంటే పీపాలో పావు వంతుకు పైగా గాల్లో కలిసిపోతుంది.

స్కాచ్ పక్షానిదీ ఒక వాదన ఉంది: మొలాసిస్ సారాకు కాస్త మాల్ట్ కలిపితే విస్కీ ఎలా అవుతుంది? మన షాపుల్లో దొరికే చవక క్వార్టర్ల లేబుల్ చూస్తే ఆ మాట కొట్టిపారేయలేం. 42.8 శాతం ఆల్కహాల్ అని కనబడుతుంది, వయసు మాత్రం ఉండదు. నూకలతో తీసిన న్యూట్రల్ స్పిరిట్‌కూ (రుచీ వాసనా లేని ఘాటు సారా) అక్కడ చోటు లేదు, ఎందుకంటే 94.8 శాతం ఆల్కహాల్ లోపే బట్టీ దిగాలన్నది స్కాచ్ నియమం. 2018 నాటి మన ఆహార భద్రతా సంస్థ నిబంధనలు మాత్రం ఇలాంటి వాటినీ విస్కీగానే ఒప్పుకున్నాయి.

మాల్ట్ తయారీదారుల గోడు వేరు. వాళ్లది అచ్చం బార్లీయే, అడ్డం పడుతున్నది 1915 నాటి ఆ మూడేళ్లే.