“బిజినెస్ సెట్ అయితే మనసూ సెట్ అవుతుంది”: బెంగళూరు తెలుగు వ్యాపారుల అపోహలు - వాస్తవాలు

మారతహళ్లిలో రాత్రి పదకొండింటికి కూడా పీజీ హాస్టళ్ల బోర్డులు వెలుగుతూనే ఉంటాయి. వాటిలో తెలుగు బోర్డులు తక్కువేం కాదు. ఆ పీజీలు నడిపేవాళ్లు, పక్క సందులో ఆంధ్రా మెస్ పెట్టినవాళ్లు, ఇంటీరియర్ పనుల కాంట్రాక్టర్లు, హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్‌లో నలుగురు కలిసి స్టార్టప్ పెట్టిన కుర్రాళ్లు: నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లలో ఎక్కువమంది వీళ్లే. నేను క్లినికల్ సైకాలజిస్టుని. ఒక రకంగా నాదీ చిన్న వ్యాపారమే. క్లినిక్ అద్దె కట్టాల్సిన ఐదో తారీఖు దగ్గర పడుతుంటే నిద్ర పట్టని రాత్రులు నాకూ ఉన్నాయి.

ఇక్కడ రాసిన మనుషులు ఎవరో ఒక్కరు కారు. ఇద్దరు ముగ్గురిని కలిపి, ఊళ్లు, లెక్కలు మార్చేశాను.

అపోహ: “ముందు బిజినెస్ సెట్ అవనివ్వండి మేడమ్, మనసు దానంతటదే సెట్ అవుతుంది”

మిగతా అపోహలన్నీ దీనికి పుట్టిన పిల్లలే. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒకాయన రెండు బిల్డింగులు లీజుకు తీసుకుని పీజీ నడిపేవాడు. 2020 లాక్‌డౌన్‌లో సాఫ్ట్‌వేర్ పిల్లలంతా పెట్టెలు సర్దుకుని ఊళ్లకు వెళ్లిపోయారు. గదులు ఖాళీ అయ్యాయి కానీ బిల్డింగ్ ఓనర్లకు కట్టాల్సిన అద్దె ఆగలేదు. మూడు రూపాయల వడ్డీకి చుట్టాల దగ్గర తెచ్చి కట్టాడు. అంటే ఏడాదికి 36 శాతం. రెండేళ్లకు ఆఫీసులు తెరుచుకున్నాయి, బెడ్లు నిండాయి. ఆయన నా దగ్గరికి వచ్చింది ఆ తర్వాత. భార్య తీసుకొచ్చింది. “డబ్బులొస్తే మామూలు మనిషైపోతాడనుకున్నాం మేడమ్. డబ్బులొచ్చాయి, ఈయన రాలేదు” అంది.

తెల్లవారుజామున మూడింటికే మెలకువ. ఫోన్ మోగితే గుండె దడ, అందుకని ఎప్పుడూ సైలెంట్‌లోనే. బ్యాంకు మెసేజీలు చూడడు. జీఎస్టీ నోటీసు వస్తే నెలల తరబడి తెరవలేదు, దాని మీద వడ్డీ, జరిమానా పడ్డాయి. ఇక్కడే విషయం ఉంది. డిప్రెషన్ ఏకాగ్రతను, జ్ఞాపకాన్ని, నిర్ణయం తీసుకునే శక్తిని దెబ్బతీస్తుంది. భయపెట్టేదాన్ని పక్కన పెట్టేస్తే ఆ పూటకు ప్రాణం కుదుటపడుతుంది, మర్నాటికి అదే రెండింతలై కూర్చుంటుంది. వ్యాపారం గాడిన పడాలంటే ఏ బుర్ర పనిచేయాలో ఆ బుర్రే జబ్బుపడి ఉంది. మరి ఏది ముందు సెట్ అవ్వాలి?

అప్పు వల్లే జబ్బు మొదలై ఉండొచ్చు. అంతమాత్రాన అప్పు తీరిన రోజున జబ్బు లేచి వెళ్లిపోదు. అలాగే నా దగ్గర కూర్చున్నంత మాత్రాన ఆయన అప్పు పైసా తగ్గదు, దానికి ఆడిటర్ కావాలి. ఈ రెండు ఖాతాలూ వేరు. రెంటికీ ఒకేసారి పని మొదలుపెట్టాలి.

అపోహ: “వ్యాపారం అన్నాక టెన్షన్ ఉండదా?”

ఉంటుంది. జీతాల రోజు వస్తుంటే కడుపులో దేవినట్టు ఉండటం జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బర్నౌట్‌ను, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడాన్ని, జబ్బుగా లెక్కవేయలేదు, పనికి సంబంధించిన స్థితిగానే చూసింది. కానీ రెండు వారాలకు పైగా, రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉన్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, దాంతో పాటు నిద్ర, తిండి, ఏకాగ్రత చెడినా దాన్ని టెన్షన్ అని సరిపెట్టుకోకూడదు. మనవాళ్లు డిప్రెషన్ అనే మాట వాడరు, “కుంగుబాటు” అని ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు. “తినబుద్ధి కావట్లేదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావట్లేదు” అంటారు. ఆ మాటలు చాలు నాకు.

ఇంకొందరికి ఇది గ్యాస్ ట్రబుల్‌గా, ఛాతీ బిగుతుగా బయటపడుతుంది. ఒక్క హెచ్చరిక: ఛాతీ నొప్పి వస్తే “టెన్షన్‌లే” అని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు. ముందు ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. గుండె బాగానే ఉందని డాక్టరు తేల్చాక, థైరాయిడ్, షుగర్ కూడా చూశాక, అప్పుడు పానిక్ (ఉన్నట్టుండి ముంచెత్తే భయం) గురించి మాట్లాడుకుందాం. మూడుసార్లు అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వెళ్లి, మూడు నార్మల్ ఈసీజీలు పట్టుకుని వచ్చినవాళ్లు నాకు కొత్తేం కాదు.

అపోహ: “వాడు మూడు గంటలే పడుకుంటాడు. అందుకే ఫౌండర్ అయ్యాడు”

ఈ ఊళ్లో నాకు అన్నిటికంటే భయం వేసే పొగడ్త ఇది.

ఒక కుర్రాడు. అంతకుముందు ఏడాది మూడు నెలలు మంచం దిగలేదు. ఇప్పుడేమో మూడు గంటలు పడుకుని ఉత్సాహంగా లేస్తాడు. రాత్రి రెండింటికి టీమ్‌కు నలభై మెసేజీలు. ఉన్న ప్రొడక్టు బయటికి రాకముందే ఇంకో రెండు. ఎవరినీ అడగకుండా రెండో ఆఫీసుకు అడ్వాన్సు ఇచ్చేశాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా “ఫామ్‌లో ఉన్నాడు” అన్నారు. దీన్ని హైపోమేనియా అంటారు, దిగులు, అతి ఉషారు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బులో ఒక ముఖం. తేడా పట్టడానికి నేను అడిగే ప్రశ్న ఒకటుంది: నిద్ర తక్కువైన మర్నాడు అలసటగా ఉందా? డెడ్‌లైన్ కోసం మేలుకున్నవాడు మర్నాడు వాడిపోతాడు. హైపోమేనియాలో ఉన్నవాడికి అలసటే ఉండదు, నాలుగు రోజులైనా, అంతకు మించినా అదే ఊపు.

ఇది పసిగట్టకుండా ఒట్టి డిప్రెషన్ మాత్రలు మాత్రమే ఇస్తే మనిషి మేనియాలోకి, అంటే అదుపు తప్పిన ఉషారులోకి, వెళ్లే ప్రమాదం ఉంది. ప్రాక్టీసు మొదట్లో నేనూ ఒకసారి పొరబడ్డాను. దిగులు గురించి గంటసేపు అడిగి, ఉషారు గురించి అడగలేదు. మంచి రోజులను ఎవరూ జబ్బుగా చెప్పుకోరు కదా. అప్పటినుంచి మనిషి ఒప్పుకుంటే భార్యనో, పార్ట్‌నర్‌నో కూడా ఒకసారి రమ్మంటాను.

2015లో అమెరికాలో మైకేల్ ఫ్రీమన్ అనే సైకియాట్రిస్టు బృందం 242 మంది వ్యాపార స్థాపకులను అడిగితే, 49 శాతం మంది తమకు ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక మానసిక సమస్య ఉందని చెప్పారు. డిప్రెషన్ 30 శాతం, బైపోలార్ 11 శాతం. అది చిన్న సర్వే, వాళ్లంతట వాళ్లు చెప్పుకున్న లెక్క, పైగా మన దేశం కాదు. “జబ్బుంటేనే గొప్ప ఫౌండర్ అవుతారు” అని దానికి అర్థం తీయకండి.

అపోహ: “థెరపీ అంటే మాటలే కదా, ఆ మాటలేవో ఫ్రెండ్‌తో మాట్లాడుకుంటాం”

మాట్లాడుకోండి, మంచిదే. కాకపోతే ఫ్రెండ్ “అన్నీ సర్దుకుంటాయిలే రా” అంటాడు. నేను హోమ్‌వర్క్ ఇస్తాను.

పీజీ ఆయనతో చేసింది సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), అంటే మన ఆలోచనలను, అలవాట్లను పరీక్షించి మార్చుకోవడం. 1960లలో ఆరన్ బెక్ అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి. సాధారణంగా వారానికొకటి చొప్పున 12 నుంచి 20 సెషన్లు. మొదటి పని: తప్పించుకు తిరుగుతున్న మూడు ఫోన్ కాల్స్ రాయండి. ఒక్కోటి చేస్తే ఏమవుతుందో, అలా అయ్యే అవకాశం నూటికి ఎంతో రాయండి. తర్వాత చేయండి. అప్పిచ్చిన బాబాయి వరసాయన ఊరంతా టాంటాం వేస్తాడని 90 వేసుకున్నాడు. ఆయన ఎత్తగానే “ఎన్నాళ్ల నుంచి చేస్తున్నానురా, ఒంట్లో బాగుందా?” అన్నాడట. రెండో కాల్ మామూలుగా గడిచింది. మూడో ఆయన నిజంగానే తిట్టాడు, బాగా తిట్టాడు. ఆ తిట్లు తిన్న సాయంత్రం కూడా ఈయన పిల్లలతో కూర్చుని టీ తాగగలిగాడు. అదీ కాగితం మీద రాసుకున్నాం.

భాష గురించి ఒక మాట. స్టార్టప్ పిల్లలు సెషన్ అంతా ఇంగ్లీషులో నడిపి, నాన్న ప్రస్తావన రాగానే తెలుగులోకి దిగుతారు. మీకు ఏ భాషలో ఏడుపొస్తుందో ఆ భాష తెలిసినవాళ్లను వెతుక్కోండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? మందులు రాసేది సైకియాట్రిస్టు. నాలాంటి క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయకూడదు, థెరపీ చేస్తారు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. లైఫ్ కోచ్‌కు అలాంటి రిజిస్ట్రేషన్ ఏదీ అక్కర్లేదు, అది గుర్తుంచుకోండి.

అపోహ: “మందు మొదలుపెడితే జీవితాంతం మింగాలి, అలవాటు పడిపోతాం”

రెండు రకాల మాత్రలను ఒక గాట కట్టేయడం వల్ల వచ్చిన భయం ఇది. అలవాటు పడే ప్రమాదం ఉన్నది ఆందోళనకు, నిద్రకు వాడే ఆల్ప్రాజోలం లాంటి వాటితో. మెడికల్ షాపులో వాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. “నిద్రకు ఒకటిస్తారా” అని అడిగి తెచ్చుకునేవాళ్లు అసలు సమస్యను వదిలేసి కొత్త సమస్యను కొనుక్కుంటున్నారు. డిప్రెషన్‌కు ఇచ్చే మందులు అలాంటివి కావు. పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. జబ్బు మొదటిసారి వచ్చినవాళ్లకు, బాగయ్యాక కూడా ఆరు నెలలో ఇంకొంత కాలమో కొనసాగించి, మెల్లగా తగ్గిస్తారు. మీ అంతట మీరు ఒక్కరోజులో ఆపేయకండి. మళ్లీ మళ్లీ తిరగబెట్టేవాళ్లకు, బైపోలార్ ఉన్నవాళ్లకు మాత్రం దీర్ఘకాలం వాడాల్సి రావచ్చు, ఆ మాట దాచను.

రాత్రి రెండు పెగ్గులతో నిద్ర పడుతుందనేవాళ్లకు: పడుతుంది. తెల్లవారుజామున ఆ నిద్రను చెడగొట్టేదీ అదే.

అపోహ: “ఇన్వెస్టర్‌కు తెలిస్తే అంతే, ఊళ్లో తెలిస్తే చెల్లి పెళ్లి ఆగిపోతుంది”

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 23వ సెక్షన్: మీ వివరాలు గోప్యంగా ఉంచడం మా బాధ్యత. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, వాటిని మొదటి రోజే అడిగి తెలుసుకోండి. మీరు ఎవరికి చెప్పుకోవాలో మీ ఇష్టం. ఒక్కరికైనా చెప్పమంటాను, అది ఇన్వెస్టరే కానక్కర్లేదు.

అపోహ: “చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే”

పుట్టదు. నేను నేరుగానే అడుగుతాను, చాలామంది “హమ్మయ్య, అడిగారు” అన్నట్టు చూస్తారు. జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్కల్లో 2019లో 9,052 మంది వ్యాపారస్తులు ఆత్మహత్య చేసుకున్నారు, 2020లో 11,716 మంది. మీ పార్ట్‌నర్ ఉన్నట్టుండి లెక్కలన్నీ అప్పజెప్పేస్తున్నా, “నేను లేకపోతే మీరే బాగుంటారు” అంటున్నా ఊరుకోకండి, అడగండి. అడిగాక ఒంటరిగా వదలకండి. పోలీసు కేసవుతుందని దాచిపెట్టొద్దు. పైన చెప్పిన 2017 చట్టంలోని 115వ సెక్షన్ ఆత్మహత్యా ప్రయత్నం చేసిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూస్తుంది.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైంది, ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. హోసూర్ రోడ్డులో నిమ్హాన్స్ (కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆసుపత్రి) ఎమర్జెన్సీ 24 గంటలూ తెరిచే ఉంటుంది. ప్రైవేటు ఫీజు కట్టలేనివాళ్లు అక్కడి ఓపీకి వెళ్లొచ్చు, కాకపోతే పొద్దున్నే వెళ్లండి, రద్దీ ఉంటుంది.

మొదటిసారి మా దగ్గరికి వచ్చేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ తెచ్చుకోండి, గ్యాస్ మాత్రలతో సహా. వారం రోజులు ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నింటికి లేచారో ఒక కాగితం మీద రాసి తెండి. బ్యాలెన్స్ షీట్ అక్కర్లేదు. అయినా సగం మంది అదే ముందు తీసి టేబుల్ మీద పెడతారు.